కువైట్ గడియారం

చలికాలపు పొద్దు. విమానాశ్రయం పక్కనే ఉన్న మామిడిపల్లిలోని ఇంట్లో రవీందర్ కొత్తూరు కంపెనీకి డ్యూటీకి పోయే తొందరలో ఉన్నాడు. అత్తమ్మకు చాయ్ ఇవ్వబోయిన అతని భార్య మంజుల గ్లాసుతోనే తిరిగొచ్చి గడప దగ్గర నిలబడిపోయింది. రవీందర్ తల్లి భారతమ్మ నిద్రలోనే పోయింది.

అందరికన్నా ముందు అనుపమకు చెప్పమని మంజుల భర్త దగ్గర పట్టుబట్టింది. అతని చెల్లెలు అనుపమ కువైట్‌లో నర్సు. తల్లి మంచాన పడ్డ రోజుల్లోనే కొలువుకు ప్రయాణమైతే, అమ్మ కావాల్నా పైసలు కావాల్నా అని రవీందర్ నలుగురి ముందు నిలదీశాడు. ఆమె వెళ్లింది. రెండేళ్లుగా తల్లితో, వదినతోనే మాటలు, అన్నతో లేవు.

ఆ పొద్దు అతనే ఫోన్ చేశాడు. అవతల ఏడుపు తప్ప ఏమీ వినబడలేదు. కాసేపటికి అనుపమే మళ్లీ చేసింది.

"పదకొండు గంటలకు విమానం దొరికిందన్నా. నాలుగున్నర గంటల ప్రయాణం. నేనొచ్చేదాక అమ్మను తీస్కపోకు."

రవీందర్ మనసులోనే లెక్కేసుకున్నాడు. మూడున్నరకు దిగుతుందని మాత్రం ఇంట్లో చెప్పాడు. ఐస్ బాక్స్ తెప్పిద్దామని మంజుల అంటే అవసరం లేదన్నాడు. పొద్దు గూకకముందే అన్నీ అయిపోతాయని పెద్దబాపు సోమయ్యకు మాటిచ్చాడు.

మధ్యాహ్నం నుంచి విమానం చప్పుడైనప్పుడల్లా వాకిట్లో వాళ్లు తలలెత్తి చూశారు. నాలుగు దాటింది. అనుపమ ఫోన్ స్విచ్చాఫ్. అయిదు దాటినా స్విచ్చాఫే. దిగినామె ఫోన్ ఎందుకు తెరవదని ఒకరు, అసలు ఎక్కిందో లేదోనని ఇంకొకరు. ఆ మాటతో రవీందర్‌లో పాత కోపం రాజుకుంది.

"చీకటైతే ఇగ రేపే, బిడ్డా. ఏం జేస్తవో జెప్పు," అన్నాడు సోమయ్య.

మంజుల అడ్డం వచ్చింది. "రేపే చేద్దాం. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు."

"అమ్మ బతికున్నప్పుడు రానిది ఇప్పుడొస్తదా? లేపుండ్రి," అన్నాడు రవీందర్.

బాగా చీకటిపడ్డాక మంజుల ఆడబిడ్డను వెంటబెట్టుకుని శ్మశానానికి వచ్చింది. చితి అప్పటికే సగం కాలింది. అనుపమ భుజం మీది సంచి కూడా దించలేదు.

"మూడున్నరకు దిగేదానివి, ఇంతసేపు ఎక్కడున్నవ్?" అన్నాడు రవీందర్.

ఆమె అర్థం కానట్టు చూసింది. తర్వాత చెయ్యి చాపి మణికట్టు అతని ముందు పెట్టింది. మంట వెలుగులో గడియారం ఇంకా నాలుగున్నరే చూపిస్తోంది.

"పదకొండంటే కువైట్ టైమ్‌ల పదకొండు. మనం వాళ్లకంటే రెండున్నర గంటలు ముందుంటం. ఈడ దిగేసరికి ఆరయింది. నువ్వు నిప్పు పెట్టినప్పుడు నేనింకా గాల్లనే ఉన్నన్నా."

"నాకు పదకొండు అన్న ముక్క చెప్పినా సరిపోతుండె గదా," అంది మంజుల భర్తతో. ఆమె ఆడబిడ్డకు ఫోన్ చేసే ముందు ఎప్పుడూ అక్కడ ఎంతయిందో చూసుకునేది. అతను రెండేళ్లలో ఒక్కసారీ చేయలేదు. చేసి ఉంటే ఆ తేడా అతనికీ తెలిసేది.

రవీందర్ నేల మీద కూలబడి, "నేనే ఆగలేదే చెల్లే. కోపంల ఆగలేదు," అని వెక్కివెక్కి ఏడ్చాడు.

అనుపమ భుజం మీది సంచి దించింది. వచ్చి అతని పక్కన మట్టిలో కూర్చుంది.

"అమ్మ ముఖం ఎట్లుండె?"

"నిద్ర పోయినట్టే ఉండె. మీ వదిన తల దువ్వింది. పెద్ద బొట్టు పెట్టింది."

అక్కడికి ఆగి చితి వైపు తిరిగాడు.

"ఇంకా చెప్పు," అంది అనుపమ, కళ్లు మూసుకుని.