ఒక చేతికే గంజి

కోల్డ్ రూమ్ తాళం పగల్లేదు. తలుపు మీద గీత కూడా లేదు. లోపల క్యాన్లు వరసగా ఉన్నాయి.

రెండింట్లో ఉండాల్సిన సరుకు మాత్రం లేదు.

రేణిగుంట దగ్గరి ఆ గ్లూకోజ్ ఫ్యాక్టరీకి సి.ఐ. ప్రశాంతి వచ్చేసరికి ఉదయం ఏడున్నర. నిన్న ఆయుధపూజ. గేటుకు కట్టిన అరటి పిలకలు వాడిపోయాయి. మెషీన్ల మీద గంధం బొట్లు ఇంకా ఉన్నాయి.

గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు కూలీల టిఫిన్ క్యారియర్లు మూత తీసి మరీ వెతుకుతున్నారు. పోయిన సరుకు ఒక్కో క్యానుకు పాతిక కిలోలు. పులిహోరలో కలుపుకుని పోతారని అనుమానం కాబోలు. పక్కనే నీడలో నిలబెట్టిన కార్ల వైపు ఎవరూ చూడలేదు.

ల్యాబ్ ఇన్‌ఛార్జి కృపామణి సంగతి చెప్పింది. పోయింది గ్లూకోఅమైలేజ్ అనే ఎంజైమ్. బెల్లం పాకం రంగులో ఉండే ద్రవం. ఉడికించిన మొక్కజొన్న పిండి జావలో పోస్తే, ఆ పిండిని గ్లూకోజ్‌గా మార్చేస్తుంది. నిన్న పొద్దున పోసింది బాగానే పనిచేసింది. సాయంత్రం పోసింది పనిచెయ్యలేదు. తెల్లారేదాకా చూసినా ట్యాంకులో తీపి పెరగలేదు. క్యాన్లు పరీక్ష చేస్తే రెండింట్లో బెల్లం నీళ్లు. ఆ గొడవలో రాత్రంతా ఎవరూ ఇంటికి పోలేదు. అందరూ పండగ బట్టల్లోనే ఉన్నారు.

"దొంగను మేమే పట్టేసినాం మేడం," అన్నాడు మేనేజర్ యోగానంద.

యజమాని జయచంద్రకు అక్క కొడుకు. ఆ చుట్టరికం తప్ప ఆ కుర్చీకి వేరే అర్హత ప్రశాంతికి కనబడలేదు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, రెండూ గంజి పెట్టినవి. చొక్కా చేతులు మోచేతి దాకా మడిచాడు. ఎడమ చేతి మడత అట్టలా నిలబడింది. కుడిది వేలాడుతోంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ కుడిచేతినే దులుపుకుంటున్నాడు.

దొంగ అని చూపించింది స్టోర్ కీపర్ దయానంద్‌ని. మూలన స్టూలు మీద కూర్చోబెట్టి సెల్‌ఫోన్ లాక్కున్నారు. ఉద్యోగం తీసేసి, మధ్యాహ్నానికల్లా రిమాండుకు పంపించాలని జయచంద్ర అప్పుడే తేల్చేశాడు.

"రుజువు?"

"కోల్డ్ రూముకు రెండే తాళంచెవులు మేడం. నిన్న మధ్యాహ్నం పూజకు అందరి తాళాలూ అమ్మవారి పటం ముందర పెట్టినాం. నాది గూడా. ఈయప్ప చర్చికి పోయేవాడు గదా, పెట్టలా. జేబులోనే పెట్టుకున్నాడు. ఇంకేం రుజువు కావల్ల?"

"మీది ఎప్పుడు తీసుకున్నారు?"

"ఈ పొద్దు తెల్లారినాక. అంతదాకా అమ్మవారి దగ్గరే ఉండాది."

"తీసుకున్నాక దాంతో కోల్డ్ రూమ్ తీశారా?"

"నేనెందుకు తీస్తా? దానికి జీతగాళ్లుండారు."

ప్రశాంతి దయానంద్ వైపు తిరిగింది. పూజప్పుడు యాడున్నావని అడిగింది.

"బయట చెప్పుల కాడ నిలబడుకోనుంటి మేడం. అందరూ తిన్నాక ఎంగిలాకులెత్తేదానికి పిలిచినారు. ఎత్తినా. మోచేతుల దాకా కడుక్కుంటే చొక్కా చేతులు గూడా తడిసినాయి."

ఆకులెత్తడానికి మాత్రం చర్చి అడ్డం రాలేదన్నమాట.

ప్రశాంతి ల్యాబ్ నుంచి కాస్త దూది, ఒక పుల్ల తెప్పించింది. పుల్లకు దూది చుట్టి కోల్డ్ రూమ్ తాళం లోపల తిప్పింది. దూది ఎర్రగా వచ్చింది. కుంకుమ.

అందరినీ ల్యాబ్‌లోకి పిలిచింది. దూదిని, రెండు తాళంచెవుల్నీ బల్ల మీద పక్కపక్కనే పెట్టింది. దయానంద్ తాళంచెవి శుభ్రంగా ఉంది. యోగానందది పళ్ల సందుల్లో కూడా కుంకుమే.

"పూజలో పెట్టిన తాళంచెవే ఈ తాళంలో తిరిగింది. మీరేమో దాంతో తియ్యనే లేదన్నారు."

యోగానంద తడబడలేదు. పటం ముందర నుంచి ఎవరైనా తీసుకుని మళ్లీ పెట్టి ఉండొచ్చన్నాడు. అకౌంటెంట్ సునీల్‌కుమార్ ఆ పక్కనే కూర్చున్నాడని గుర్తుచేశాడు.

"ఉండొచ్చు. అందుకే చొక్కాలు చూద్దాం. కృపామణిగారూ, అయోడిన్ తెండి."

అయోడిన్ పడితే గంజి నల్లగా, నీలంగా మారుతుంది. సునీల్‌కుమార్ చొక్కా చేతుల మీద ఒక్కో చుక్క. రెండూ నీలం. దయానంద్‌వి నీలం. యోగానంద ఎడమ చెయ్యి నీలం.

కుడిచేతి మీద పడిన చుక్క గోధుమరంగులోనే ఉండిపోయింది.

"చెయ్యి కడుక్కుంటా ఉంటే నీళ్లు పడినాయి మేడం."

"దయానంద్ ఆకులెత్తి మోచేతుల దాకా కడుక్కున్నాడు. అతని గంజి ఆరి మళ్లీ బిగిసింది. నీళ్లు పడితే గంజి మెత్తబడుతుంది యోగానందగారూ, తీపెక్కదు. పొద్దుట్నించీ మీరు దులుపుకుంటున్నవి ఏమిటి?"

అందరూ చూశారు. మడతలోంచి రెండు చీమలు బయటికి వచ్చాయి.

"ఒక క్యానులోంచి ఇంకో క్యానులోకి వంచేటప్పుడు చేతిమీద ఒలికింది. రాత్రంతా అది మీ చొక్కా గంజిని తిని గ్లూకోజ్ చేసింది. ఈ ఫ్యాక్టరీలో దాని పనే అది. మేనేజర్ కుర్చీలో కూర్చుని అది కూడా తెలుసుకోలేదు. గంజిని తినేదాన్ని దొంగిలించడానికి గంజి చొక్కా తొడుక్కుని పోయినారు. కారు తాళం ఇటివ్వండి."

డిక్కీలో దుప్పటి కింద రెండు క్యాన్లు. రాష్ట్ర సరిహద్దు అవతల మద్యం కాచే ఒక డిస్టిలరీ వాడితో బేరం కుదిరింది. ట్యాంకు గొడవలో మేనేజర్‌ను కదలనివ్వలేదు కాబట్టి సరుకూ కదల్లేదు.

జయచంద్ర ప్రశాంతిని పక్కకు పిలిచాడు. ఇది ఇంటి విషయమన్నాడు. అక్క ముఖం చూడాలన్నాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు.

"దొంగను మధ్యాహ్నానికల్లా రిమాండుకు పంపమన్నది మీరే. మనిషి మారినాడు, అంతే," అంది ప్రశాంతి.

యోగానందను జీపు ఎక్కించారు. జయచంద్ర సెల్‌ఫోన్ తెచ్చి, ల్యాబ్‌లో ఉన్న దయానంద్ చేతికి ఇచ్చాడు.

"మనసులో పెట్టుకోవద్దప్పా. పోయి పని సూసుకో. వచ్చే పండక్కి నీకు గూడా కొత్త బట్టలు పెడతాం."

దయానంద్ బల్ల దగ్గరికి నడిచాడు. తన తాళంచెవిని తీసి జేబులో వేసుకున్నాడు.

"ఇది వచ్చే పండక్కి గూడా నా జేబులోనే ఉంటాది సార్. ఆకులు మాత్రం మీరే ఎత్తుకోండి."