దంతాలు లేని ఏనుగు

శనివారం సాయంత్రం నాలుగూ నలభై ఐదు. యాంగోన్ (పాత రంగూన్), మింగళ తౌంగ్‌న్యున్ పేట. ఒక పాత మేడ వెనక సందు.

టీకొట్టు వంటవాడు కడుగునీళ్లు పారబొయ్యడానికి వెనక తలుపు తీశాడు. బాల్చీ చేతిలోంచి జారిపోయింది.

మేడ వెనకనుంచి ఇనుప మెట్లు ఐదంతస్తులూ మెలికలు తిరుగుతూ దిగుతాయి. వాటి కింద దండాసి పడి ఉన్నాడు. అతనూ అలాగే మెలికలు తిరిగి ఉన్నాడు.

దండాసి గైడు. ముప్ఫై నాలుగేళ్లు. 'ఎవరికీ తెలియని యాంగోన్' అని బోర్డు పట్టుకుని విదేశీయుల్ని తిప్పేవాడు. తీపి టీ, రోడ్డు పక్క చేపల పులుసు నూడుల్స్ మోహింగా, నది అవతలి దలాకి ఫెర్రీ, వెనక సందులు, సందుల్లో బతుకులు. చివర్లో ఈ మేడ పైకప్పు. కిందున్న దరిద్రమంతా చూపించి, పైకెక్కించి బంగారు పగోడా చూపించి పంపేవాడు.

ఐదున్నరకి పోలీసులు మేడ వాచ్‌మన్ సత్తిబాబుని పట్టుకుపోయారు.

ఆదివారం ఉదయం ఏడింటికి సత్తిబాబు భార్య కోటేశ్వరి తామ్వే పేటలో జోగి తలుపు కొట్టింది.

జోగికి ఏభై రెండేళ్లు. లాయర్లకి ఎంక్వైరీలు చేసిపెడతాడు. అంతకుముందు ఇరవయ్యేళ్లు ఠాణాల్లో తెలుగువాళ్లకి దుబాసీ. జనం ఏడుపుల్ని బర్మాలోకి మార్చి మార్చి లోపల అరిగిపోయిన మనిషి.

"బాబాయ్, మా ఆయన సీమక్కూడా అపకారం సెయ్యడు."

"పెళ్లాలందరూ ఆ మాటే సెప్తారు. నిన్న ఏడున్నాడు?"

"దలాలో. మా తమ్ముడింటికాడ. మూడూ ఏభైకి ఫెర్రీ ఎక్కాడు."

"మేడకి ఎప్పుడొచ్చాడు?"

"నాలుగూ ఇరవై."

"దండాసితో గొడవేటి?"

"పైకప్పు తాళం కోసం. పొద్దున్న తిట్టుకున్నారు. మా ఆయన తాళమిచ్చేసి, తోసేత్తానొరే అన్నాడంట."

"బాగుంది. ఎవరు ఇన్నారు?"

"సందంతా ఇన్నాది." ఆమె ఏడుపు అందుకుంది. "రేపు పదింటికి కోర్టుకి తీసుకెళ్తారంట. అక్కణ్నుంచి జైలేనంట."

"ఏడుపు కోర్టుకి దాచుకో. అక్కడ పనికొస్తాది."

తొమ్మిదింటికి ఠాణా. ఎస్సై ఊ తెయిన్ జోగికి పాత పరిచయం; 'ఊ' అంటే అక్కడ 'గారు'. ఫైలు అతని ముందుకు తోశాడు.

"డాక్టర్ ఏమన్నాడు?" జోగి బర్మాలో అడిగాడు.

"మూడుకీ, నాలుగూ నలభై ఐదుకీ మధ్య."

"ఫెర్రీ రేవు కెమెరా?"

"మీవాడు మూడూ ఏభైకి ఎక్కడం నిజమే."

"మరి దండాసి అంతకుముందే చచ్చి ఉంటే?"

"ఉండడు. నాలుగూ పదికి అతన్ని పగోడాలో బతికుండగా చూసిన సాక్షి ఉన్నాడు. అక్కణ్నుంచి మేడకి పది నిమిషాలు. ఆ ఖాళీ మేడలో అప్పటికి ఉన్నది మీ సత్తిబాబు ఒక్కడే."

సాక్షి పేరు సుభాష్. ఆరేళ్లుగా దండాసితో కలిసి తిరిగే రెండో గైడు. ఊళ్లో సందులన్నీ వెతికింది సుభాష్. ఇంగ్లీషు వచ్చింది దండాసికి. పేరూ దండాసికే వచ్చింది.

ట్రేలో శవం మీద దొరికిన వస్తువులున్నాయి. పగిలిన ఫోను. పైకప్పు తాళంచెవి. గైడు లైసెన్సు. లోపల మొలతాడుకి కట్టుకున్న చెక్క ఏనుగు, బొటనవేలి గోరంత.

లిస్టులో కానిస్టేబుల్ రాసింది జోగి చదివాడు. 'ఏనుగు బొమ్మ, ఒకటి. పడినప్పుడు దంతాలు విరిగినవి.'

జోగి దాన్ని బొటనవేలితో రుద్ది చూశాడు. మళ్లీ రుద్దాడు. లైసెన్సు మీద పుట్టినతేదీ చూసి, ఫోన్లో పాత క్యాలెండరు వెనక్కి తిప్పాడు.

బుధవారం.

పదకొండింటికి సుభాష్ ఇంటికి వెళ్లాడు. ఇల్లు కాదు, సందు చివర ఒక గది. మంచం, పొయ్యి, సందులోకి ఒక కిటికీ. మంచం మీద సుభాష్ తల్లి నరసమ్మ. పక్షవాతం వచ్చి నాలుగేళ్లు. సుభాష్ ఆమెకి అన్నం మెత్తగా పిసికి పెడుతున్నాడు.

"నిన్న దండాసిని ఏడ సూసావు?"

"పగోడాలో. నాలుగూ పది."

"ఏం సేత్తన్నాడు?"

"నీల్లు పోత్తన్నాడు. పుట్టినరోజు మూలకాడ." పగోడా చుట్టూ పుట్టిన వారానికో మూల, మూలకో జంతువు బొమ్మ; ఎవరి మూలలో వాళ్లు నీళ్లు పోసి మొక్కుతారు.

"ఏ మూల?"

"దచ్చినం. దంతాల ఏనుగుకాడ. ఐదు గిన్నెలు పోసాడు."

"దగ్గిరకెళ్లి సూసావా?"

"మాటాడాను కూడాను. మేడకెల్తన్నానన్నాడు."

టైము రాసుకోవడానికి జోగి ఫోను బయటికి తీశాడు.

మంచం మీద ముసలమ్మ నోరు తెరిచింది. వెడల్పుగా, పిట్టపిల్లలా. ఫోనుకేసి చూస్తూ తెరిచే ఉంచింది.

సుభాష్ ముఖం తిప్పుకున్నాడు.

"ఇదేటి?"

"ఏటీ లేదు."

జోగి ఫోను జేబులో పెట్టాడు. నోరు మూసుకుంది. మళ్లీ తీశాడు. మళ్లీ తెరిచింది.

"ఇంక సాలు, ఊ జోగీ!" సుభాష్ కేకేశాడు.

బయటికొచ్చాక పక్కింటి మనిషి చెప్పింది. దండాసి విదేశీయుల్ని ఈ కిటికీ దగ్గర ఆపేవాడు. ముసలమ్మ నోట్లో మిఠాయి ముక్క వేసేవాడు. వాళ్లు ఫోటోలు తీసుకునేవారు. రెండేళ్లలో ఆమెకి అలవాటైపోయింది.

సోమవారం ఉదయం ఎనిమిదీ పదిహేను. మేడ కింద టీకొట్టు. ఊ తెయిన్, కోటేశ్వరి, సుభాష్ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. జోగి చెక్క ఏనుగుని టీ సాసరులో పెట్టాడు.

"సుభాష్, నువ్వు తిప్పేవాళ్లకి రోజూ సెప్తావు గదా, ఇప్పుడు నాకు సెప్పు. ఈ ఊళ్లో పుట్టినోళ్లకి వారానికి ఎన్ని రోజులు?"

"ఎనిమిది."

"ఎలాగ?"

"బుధవారం రెండు ముక్కలు. మద్దేనానికి ముందు పుడితే దచ్చినం మూల, దంతాలున్న ఏనుగు. తరవాత పుడితే..." సుభాష్ ఆగిపోయాడు.

"తరవాత పుడితే?"

సుభాష్ సాసరులోని ఏనుగుకేసి చూశాడు.

"వాయవ్యం మూల. దంతాల్లేని ఏనుగు." జోగి సాసరు అతని ముందుకు తోశాడు. "కానిస్టేబుల్ విరిగాయని రాసుకున్నాడు. వేలు పెట్టి సూడు, నున్నగా ఉంది. విరగలేదు. దీనికి దంతాలు పుట్టలేదు. దండాసి బుధవారం మద్దేనం తరవాత పుట్టాడని వాళ్లమ్మ మొలతాడుకి కట్టింది. లోపలుంటాది కాబట్టి నువ్వెప్పుడూ సూడలేదు. నీకు తెలిసింది లైసెన్సు మీద తేదీ ఒక్కటే. ఆ కాయితం నింపింది నువ్వేనంట."

జోగి అదే బర్మాలో చెప్పగానే ఊ తెయిన్ ఏనుగుని చేతిలోకి తీసుకున్నాడు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న బొమ్మే. చెవులు ఎర్రబడ్డాయి.

"తప్పు మూలకాడ పోసాడేమో. నాకేటి తెలుసు?" అన్నాడు సుభాష్.

"రోజుకి పదిమందికి మూలలు సూపించేవోడు సొంత మూల మర్సిపోతాడా?"

"ఒక్క బొమ్మతో నన్నేటి సేత్తారు?"

నిజమే. బొమ్మతో కేసు నిలవదు. అది జోగికీ తెలుసు. అందుకే ఫోను తీశాడు. కెమెరా పెట్టి సుభాష్ ముఖానికి జానెడు దూరంలో ఆపాడు.

"నోరు తెరు."

"ఏటి?"

"తెరు. మీ అమ్మ తెరుస్తాది గదా. మిఠాయి పెడతాను."

సుభాష్ బల్ల తోసుకుని లేచాడు. కప్పులు పగిలాయి. ఊ తెయిన్ రెక్క పట్టుకున్నాడు. పట్టుకునే పనే లేదు. సుభాష్ అప్పటికే మాట్లాడుతున్నాడు.

"మూడింటికి పైన కలిసాం. కొత్త స్టాపంటన్నాడు! కిటికీకాడ్నించి కాదంట, గది లోపలికే తెత్తాడంట. ఒక్కొక్కరూ ఒక్కో ముద్ద పెడతారంట. నవ్వుతా సెప్పాడు. తోసాను. మల్లీ లేత్తే మల్లీ తోసీవోన్ని."

"సత్తిబాబు పేరు ఎందుకు ఇరికించావు?"

"పొద్దున్న ఆడే అరిసాడు గదా, తోసేత్తానని."

జోగి ఆ మాటల్ని బర్మాలోకి మార్చాడు. ఎనిమిదీ నలభైకి బేడీలు వేశారు. గుమ్మం దగ్గర సుభాష్ వెనక్కి తిరిగాడు.

"ఊ జోగీ, పదకొండింటికి అమ్మకి కూడు పెట్టాల."

"అది నా కేసు కాదు."

పదింటికి సత్తిబాబు కోర్టుకి కాదు, ఇంటికి వెళ్లాడు. కోటేశ్వరి జోగి కాళ్లకి దణ్ణం పెట్టింది.

మూడు వారాల తరవాత ఆదివారం. జోగి అదే టీకొట్టులో కూర్చున్నాడు.

సందులోకి ఐదుగురు విదేశీయులు వచ్చారు. ముందు సత్తిబాబు, చేతిలో దండాసి బోర్డు. ఇనుప మెట్ల కింద ఆగి, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో పైనుంచి కిందకి చేత్తో గీత గీశాడు. చివర అరచేత్తో బోర్డు మీద చరిచి చప్పుడు చేశాడు. వాళ్లు మెట్లని ఫోటో తీసుకున్నారు.

తరవాత సందు చివరికి నడిచారు. జోగీ వెనకాల వెళ్లాడు.

కిటికీ కాదు, గది తలుపే బార్లా తీసి ఉంది. గుమ్మంలో కోటేశ్వరి, ఒక చేత్తో అన్నం గిన్నె, ఇంకో చేత్తో చెంచాలు. జోగిని చూసి నవ్వింది.

"ఏటి బాబాయ్, అలా సూత్తావు? ముసిల్దానికి కూడెవులు పెడతారు మరి? ఈల్లే పెడతన్నారు. ఒక్కొక్కరూ ఒక ముద్ద."

ఐదు ఫోన్లు ఒక్కసారి పైకి లేచాయి.

లోపల మంచం మీద నరసమ్మ నోరు తెరిచింది.