మెల్లగా అందుకునే బండి

"సగమే పొయ్యి" అన్నాడాయన, టీ గ్లాసు భార్య ముందుకు జరుపుతూ.

ఈ మధ్య రోజూ ఇదే మాట. నిండు గ్లాసు ఊదుకుంటూ తాగే మనిషి సగానికి దిగాడంటే ఒంట్లో ఏం తేడా చేసిందోనని ఆవిడకి అప్పుడే కంగారు మొదలైంది. ఆవిడకి కంగారు కొత్త కాదు. గ్యాస్ కట్టేశానో లేదో అని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చే రకం. కూతురైతే ఫోన్లో తల్లి నంబరుకి "కంగారు" అని పేరు పెట్టుకుంది. తండ్రిది "మాస్టర్". ఆయన బట్టల కొట్లో కటింగ్ మాస్టర్ మరి. బల్ల మీద గుడ్డ పరిచి, సుద్దతో గీత గీసి, కత్తెర పెట్టాడంటే మళ్ళీ సరిచేసుకునే పని ఉండదు.

ఆ కొట్టు ఎత్తు మీద ఉంది. పాత సైకిలు తొక్కుకుంటూ అక్కడికి చేరేసరికి ఆయన మోకాళ్ళు పట్టేస్తున్నాయి. అందుకే ఎలక్ట్రిక్ సైకిలు కొందామని ఇంట్లో తీర్మానించారు. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే.

"ఉన్నట్టుండి దూకే బండి నాకొద్దు. మెల్లగా వేగం అందుకోవాలి. వానలు, గుంతలు, ఎదురొచ్చే లారీలు... తలుచుకుంటేనే దడగా ఉంది."

"లారీ డ్రైవర్లకి కూడా ఓ మాట చెప్పి ఉంచమ్మా, నాన్న వస్తున్నాడని" అంది కూతురు.

ఆయన నవ్వాడు. గ్లాసు రెండు చేతులా పట్టుకుని తాగేసి లేచాడు.

సైకిళ్ళ షాపు వెనక ఖాళీ జాగాలో నడిపి చూడనిచ్చారు. మొదటిది కుడిచేతి పిడి తిప్పితే కదిలే బండి. ఆయన అలా తిప్పాడో లేదో ముందుకు ఉరికింది, ఆగింది, మళ్ళీ ఉరికింది. ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇది కుదుపుతోందమ్మా, ఇంకోటి చూపించు" అంది, బండ్లు చూపిస్తున్న అమ్మాయితో.

ఇంకోటీ అంతే. ఆ తర్వాతదీ అంతే. కూతురికి విసుగొచ్చింది.

"ఇలా ఇవ్వు నాన్నా" అని అదే బండి తీసుకుని ఎక్కింది. బండి మెత్తగా కదిలి, గోడ దాకా వెళ్ళి, తిరిగొచ్చింది. ఎక్కడా కుదుపన్నది లేదు.

"బండ్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. నీకే కొనాలని లేదు. అమ్మ మాటలు విని విని నువ్వూ భయపడుతున్నావు. ఆ మాట పొద్దున్నే చెప్తే నేను సెలవు పెట్టేదాన్ని కాదు కదా."

"అవును, నచ్చలేదు. పదండి పోదాం" అన్నాడాయన, కుడిచెయ్యి ప్యాంటు జేబులో దోపుకుంటూ.

ఆవిడ చూపు ఆ జేబు మీద పడింది. జేబు గుడ్డ సన్నగా అదురుతోంది.

రెండు చేతులా పట్టుకున్న సగం గ్లాసు గుర్తొచ్చింది. మొన్న కూతురు చొక్కా కుట్టించమని గుడ్డ తెస్తే, "గీత నువ్వే గియ్యి, నేర్చుకున్నట్టుంటుంది" అని సుద్ద దాని చేతికిచ్చిన సంగతి గుర్తొచ్చింది.

"ఆ చెయ్యి తియ్యండి బయటికి."

"ఏం లేదులే."

"తియ్యండి."

తీశాడు. బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే వణుకుతున్నాయి. ఆయన తల వంచుకున్నాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఎండాకాలం నుంచి. కత్తెర పట్టుకుంటే గీత దాటిపోతోంది. రెండు కోటు గుడ్డలు పాడుచేశాను. ఓనరు ఇంకా ఏమీ అనలేదు. అంటే ఏం చెయ్యాలో నాకు తెలీదు. నాకు వేరే పని రాదు."

"మరి నాతో ఎందుకు చెప్పలేదండీ?"

"గ్యాస్ గురించే నిద్రపోని దానివి. ఇది చెప్తే ఏమైపోతావో అని."

ఆవిడ రోడ్డున పోయే లారీల గురించి బెంగపెట్టుకుంది గానీ, ఎదురుగా కూర్చుని టీ తాగే మనిషి చెయ్యి చూడలేదు. తన కంగారుకి జడిసి, ఆయన ఇన్నాళ్ళూ తన భయాన్ని ఒక్కడే మోశాడు. కూతురు బండి స్టాండు వేసి వచ్చి, తండ్రి భుజానికి తల ఆనించింది.

బండ్లు చూపించే అమ్మాయి దగ్గరికి వచ్చి నెమ్మదిగా అంది. "చేత్తో తిప్పక్కర్లేని రకం ఒకటుందండి. పెడల్ తొక్కితేనే మోటారు అందుకుంటుంది. మీరు ఎంత తొక్కితే అంత సాయం."

ఆయన భార్య కేసి చూశాడు. ఆవిడ తలూపింది.

ఈసారి బండి ఉరకలేదు. కాలు కదిలినకొద్దీ మెల్లగా వేగం పుంజుకుని తిన్నగా సాగిపోయింది. "బ్రేకు పట్టండి" అని ఆవిడ కేకేసింది. పట్టాడు, ఆగింది. మళ్ళీ మళ్ళీ పట్టించింది. పొద్దున్నటి నవ్వు మళ్ళీ ఆయన మొహంలోకి వచ్చింది. అది చూసేసరికి ఆవిడకి కళ్ళు నిండిపోయాయి.

"దీన్ని మాకోసం పక్కన పెట్టమ్మా" అంది కొంగుతో తుడుచుకుంటూ. "డాక్టరు సరేనంటే వచ్చి తీసుకుంటాం."

రోడ్డు మీదికి వచ్చాక ఆయన కుడిచెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. వణుకు ఆగలేదు, అయినా ఆవిడ వదల్లేదు.

"రేపు పొద్దున్నే ఆసుపత్రికి పోదాం. ఒట్టు, నేను కంగారుపడను."

ఆయన ఆవిడ అడుగుకి అడుగు కలిపి నడిచాడు.

"పడు" అన్నాడు తర్వాత. "నువ్వు పడకపోతే నాకు భయమేస్తుంది."