వెలగకూడని చుక్క

శాస్త్రవేత్త జానకిరామన్ వేలూరులోని తన ల్యాబ్‌లో పట్టపగలు మజ్జిగ తాగి కుప్పకూలిపోయాడు. మామూలు పరీక్షల్లో విషం జాడే దొరకలేదు. దాన్ని పట్టింది ఆయన తయారు చేసిన చిప్ ఒక్కటే. ఆ చిప్‌లను పోతపోసే సిలికాన్ అచ్చు మాత్రం మాయమైంది.

"ఇది చూడప్పా నందకుమార్!" బ్రీఫింగ్‌లో నిఘా విభాగం చీఫ్ దేవరాజులు గోరంత గాజు పలకను బల్ల మీద ముందుకు నెట్టాడు. "లోపల వెంట్రుక కన్నా సన్న కాలువలు. అడుగున కంటికి కనపడని బంగారు స్తంభాలు. విషం తగిలితే లోపలి రంగు వెలుగుతాది. వట్టి గాజు మీద ఆ వెలుగు తెలీదు. ఈ స్తంభాలు దాన్ని వందల రెట్లు పెంచుతాయి."

"అచ్చు యాడుండాది సార్?"

"గుడియాత్తంలో, ఒక మగ్గాల షెడ్డులో. విషం అమ్మే విదేశీ ముఠా ఈ దినమే దాన్ని దేశం దాటిస్తాది. అచ్చు పోతే ఇంకో చిప్ రాదు. లోపల మన మనిషి ఉండాది. నీకు తెలిసిన మనిషే."

హేమప్రియ. రెండేళ్లుగా చీరల డిజైనర్ వేషంలో ముఠాలో మసలుతున్న ఏజెంట్. ఈ ఆపరేషన్ ముగిశాక నందకుమార్‌ను పెళ్లి చేసుకోబోతున్న మనిషి.

"ఎవరేమిచ్చినా ముందు చిప్ మీద ఒక చుక్క. ఇది ఆర్డర్," అన్నాడు దేవరాజులు.

పేర్ణాంబట్టు లుంగీ వ్యాపారి వేషంలో నందకుమార్ గుడియాత్తంలో దిగాడు. షెడ్డు గుమ్మంలో ఎర్ర చీర, నల్ల కళ్లద్దాలతో హేమప్రియ నిలబడి ఉంది.

"నీలం పడుగు దొరుకుతాదా?"

"ఎర్ర పేకతో అయితే దొరుకుతాది." ఆమె కోడ్ పూర్తి చేసి నవ్వింది.

లోపలి గదిలో బెల్లం కాఫీ ఇచ్చింది. "అచ్చు ఆ బీరువాలోనే ఉండాది. తాగప్పా, తీసిస్తా."

ఆమె అటు తిరగగానే నందకుమార్ ఫోన్ కవరులో అమర్చిన చిప్ మీద ఒక చుక్క వేశాడు. వేస్తూ సిగ్గుపడ్డాడు. ఆర్డర్ కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. చుక్క కాలువల్లోకి పాకింది. ఫోన్ తెర చీకటిగానే ఉంది. హమ్మయ్య అనుకుని గ్లాసు పెదవుల దాకా తెచ్చాడు.

తెర మీద ఆకుపచ్చ చుక్క ఒకటి వెలిగింది. ఆ వెనకే మరికొన్ని. చూస్తుండగానే తెరంతా.

కాఫీని నూలు బుట్టలో వంపేసి, వాచీలోని ట్రాన్స్‌మిటర్ నొక్కి, చచ్చినవాడిలా నేలకు ఒరిగాడు.

హేమప్రియ వచ్చి చూసింది. నాడి కూడా పట్టుకోలేదు. "ముగిసిపోయింది. కారు తీసుకోని రండి," అంది ఫోన్లో, కూరగాయలు తెమ్మన్నంత మామూలుగా.

అచ్చును లుంగీల కట్టలో దూర్చి వెనక వాకిట్లోకి నడిచింది. కారు అద్దం దిగింది. లోపలి నుంచి ఒక చేయి బయటికి వచ్చింది. కట్ట ఆ చేతికి తగలబోయే క్షణంలో నందకుమార్ వెనక నుంచి లాగేసుకున్నాడు. కారు దూసుకుపోయి, వీధి మలుపులో దేవరాజులు మనుషులు అడ్డం పెట్టిన లారీ ముందు ఆగిపోయింది.

హేమప్రియ పరుగెత్తలేదు.

"జానకిరామన్ మజ్జిగలోనూ నువ్వేనా?"

"నేనే. రెండేండ్లు వాళ్లతోనే ఉండినాను. ఏ పక్క మనిషినో నాకే మరిచిపోయింది." ఆమె కళ్లద్దాలు తీసింది. "నన్ను అనుమానించినావా?"

"లేదు. ఏమీ వెలగకూడదనే ఆ చుక్క వేసినాను."

పోలీసు జీపు వచ్చి నిలిచింది. నందకుమార్ ఫోన్ మోగింది.

"చిప్ బాగా పని చేసిందా అప్పా?" అడిగాడు దేవరాజులు.

జీపు ఎక్కుతున్న హేమప్రియ మీంచి నందకుమార్ చూపు తిప్పుకోలేకపోయాడు.

"మరీ బాగా చేసింది సార్. ఇంత చురుకు కావాలని నేనైతే అడగలేదు."