మచ్చలేని నెబ్యులా

“ఫొటో వెళ్లాలి. అందులోని గీత వెళ్లకూడదు.”

చీఫ్ విశ్వేశ్వరరావు అంతే చెప్పి ఏసీ పెంచాడు. మదీనాగూడలో, పైకి కొరియర్ ఆఫీసులా కనిపించే గది అది. ఏజెంట్ శివశంకర్‌కు ఆ చల్లదనంలోనూ చెమట ఆగలేదు.

“మన నిఘా ఉపగ్రహం నిన్ననే దారి మార్చుకుంది. సరిహద్దు అవతల నుంచి వస్తున్న మన ఏజెంట్ నర్సింహకు కాపలాగా. ఆ కొత్త దారి విదేశీ ముఠాకు తెలిస్తే, కుర్రాడి దారి కూడా తెలిసిపోతుంది.”

“ఎట్ల తెలుస్తది సార్?”

“కృష్ణప్రియ ద్వారా. నానక్‌రామ్‌గూడ టవర్ మీద టెలిస్కోప్ పెట్టి నెబ్యులాల, అంటే నక్షత్రాల మధ్య ఉండే మేఘాల, ఫొటోలు తీస్తుంది. మనకు ఇన్ఫార్మర్. వాళ్లకు కూడానేమో అని అనుమానం. ఉపగ్రహం అటుగా దాటితే ఫొటోలో గీత పడుతుంది. ఆవిడ ఆ ఫొటోను అందరూ చూసే ఆన్‌లైన్ గ్యాలరీలో పెడుతుంది, ముఠా గీతను కొలుచుకుంటుంది. అసలు ఫొటోయే రాకపోతే, ఆవిడ దొరికిపోయిందని పసిగట్టి సరిహద్దు దారులన్నీ మూసేస్తారు.”

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ పని శివశంకర్ నెత్తిన పడింది. పైగా నర్సింహ ఎవరో కాదు, సొంత అక్క కొడుకు.

“ఆవిడ ఫొటో ఏదో పాడైందట. మెకానిక్ కావాలని హాబీ గ్రూపులో మెసేజ్ పెట్టింది. ఆ మెకానిక్‌వి నువ్వే. ఇదిగో కిట్టు. దుమ్ము ఊదే ఈ ఎర్ర రబ్బరు బల్బును మాత్రం కెమెరా మీద వాడకు. లోపల గుంటూరు కారం ఉంది.”

షేర్ ఆటోలో ఇరుక్కుని వెళ్తుంటే అక్క చంద్రమ్మ ఫోన్.

“తమ్మీ, పోరడు ఫోన్ ఎత్తుతలేడు. ట్రైనింగ్ అంటివి. ట్రైనింగ్‌ల ఫోన్లు గుంజుకుంటరా ఏంది?”

“ఫికర్ చెయ్యకక్కా. పొద్దుగాల చేస్తడు.”

అన్నాడు గానీ, పొద్దున అక్కకు ఏం చెప్పాల్సి వస్తుందో తలచుకోవడానికే భయమేసింది.

టవర్ టెర్రస్ మీద కృష్ణప్రియ నల్ల పట్టుచీరలో, నల్ల కళ్లద్దాలతో మెరిసిపోతోంది. చేతిలోని హ్యాండ్‌బ్యాగ్‌ను మాత్రం కింద పెట్టడం లేదు.

“చూడు భయ్యా! ఫ్లాట్స్ పెడితే మచ్చ పోవాలి కదా? డబుల్ అయింది! చీకటి పడేలోపు అప్‌లోడ్ చేయాలి.”

స్క్రీన్ మీద నెబ్యులా. దాని మీదుగా సన్నని తెల్లటి గీత. ఆ గీతను సగం మింగేసి, గారెల్లాంటి రెండు దుమ్ము మచ్చలు, ఒకటి నల్లగా, ఒకటి తెల్లగా. ఆ గీత ఉపగ్రహానిదే. ఇక అనుమానమే లేదు.

ఫ్లాట్స్ అంటే టెలిస్కోప్ మూతికి తెల్లబట్ట కట్టి తీసే ఖాళీ ఫొటోలు. దుమ్ము ఎక్కడుందో అవి చూపిస్తే, సాఫ్ట్‌వేర్ అసలు ఫొటోలో దాన్ని చెరిపేస్తుంది.

“ఫ్లాట్స్ తీసినంక కెమెరా తిప్పిన్రా మేడం?”

“కొంచెం. ఫ్రేమ్ కోసం.”

ఫ్రేమ్ కోసమట! గీత పూర్తిగా పట్టాలని తిప్పింది మహాతల్లి.

“గక్కడే గలత్ అయింది. దుమ్ము కెమెరా ముందటి లెన్స్ మీదుంది. కెమెరా తిరిగింది, దుమ్ము తిరగలే. ఇప్పుడున్న తీరుగనే ఉంచి మళ్ల తీద్దాం. తెల్ల టీషర్టు ఉందా?”

ఆమె అరడజను తెచ్చింది. అన్నిటి మీదా ఏదో ఒక కంపెనీ పేరు. ఐటీ కారిడార్‌లో రాతలేని టీషర్టు దొరకడమంటే మాటలా? శివశంకర్ తన తెల్ల టీషర్టే విప్పి టెలిస్కోప్‌కు తొడిగి, బనీనుతో నిలబడ్డాడు.

పొద్దువాలే వెలుతురులో ఫ్లాట్స్ పూర్తయ్యాయి. మొదటి ఫ్రేమ్‌లో గారెలు మాయం. గీత స్పష్టంగా తేలింది. కృష్ణప్రియ ముఖం వెలిగిపోయింది.

“ఇగ రాత్రి తీసిన అన్ని ఫ్రేములు కలిపి స్టాకింగ్ చేస్తే అయిపోయినట్టే. అయిపోంగనే అప్‌లోడ్ దానంతటదే అయితదా?”

“అవుతుంది. కానీ, త్వరగా.”

“జర ఆ టీషర్టు తీసియ్యుండ్రి మేడం, గాలికి ఎగిరిపోయేటట్టుంది.”

ఆమె అటు తిరిగింది. అంతే! శివశంకర్ సెట్టింగుల్లో ‘రిజెక్షన్’ నొక్కాడు. ఇక ఒకే ఒక్క ఫ్రేమ్‌లో కనిపించినదాన్ని సాఫ్ట్‌వేర్ చెత్తగా భావించి పారేస్తుంది. ఉపగ్రహం దాటింది ఒక్క ఫ్రేమ్‌లోనే. గీత లేకపోతే అది అటు రానే లేదనుకుంటుంది ముఠా.

స్టాకింగ్ చివరికొచ్చింది. టీషర్టు పట్టుకుని వచ్చిన కృష్ణప్రియ నల్ల కళ్లద్దాలు తీసి స్క్రీన్ చదివింది.

“రిజెక్షన్ ఎందుకు ఆన్‌లో ఉంది?”

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ బయటికొచ్చింది. “ఆపు! ఇప్పుడే ఆపు!”

ఆపితే ఫొటో వెళ్లదు. వెళ్లకపోతే నర్సింహ తిరిగి రాడు. శివశంకర్ ఎర్ర బల్బు తీసి ఆమె ముఖం మీదికి పిసికాడు.

ఆమె కెవ్వుమంది. పేలిన తూటా గోడకు తగిలింది. కళ్లు కనిపించకపోయినా చేయి కీబోర్డు కోసం తడుముతోంది. ఎస్కేప్ కీ మీద ఆమె వేలు పడబోతుండగా అతను ల్యాప్‌టాప్ లాగేసుకున్నాడు.

అప్‌లోడ్ కంప్లీట్.

కింద కాపలా ఉన్న చీఫ్ మనుషులు వచ్చి ఆమెను తీసుకెళ్లారు. తెల్లారేదాకా శివశంకర్ కన్ను మూతపడలేదు. చివరికి ఫోన్ మోగింది.

“మావోడు చేసిండు తమ్మీ!” చంద్రమ్మ. “గొంతు పోయింది. గా ట్రైనింగోళ్లు సరిగ్గ బువ్వ పెట్టనట్టుంది. నువ్వు జర గట్టిగ అడుగు!”

“అడుగుతనక్కా.” కళ్లు తుడుచుకుని గ్యాలరీ తెరిచాడు. ఫొటో కింద విదేశం నుంచి ఒక కామెంటు: “చాలా క్లీన్‌గా వచ్చింది. అభినందనలు.”

శివశంకర్ కృష్ణప్రియ పేరుతోనే జవాబు కొట్టాడు: “థాంక్స్. మెకానిక్ మంచోడు దొరికిండు.”