ఎర్రజెండా దగ్గర అరగంట

"అడ్డం తప్పుకో సార్! నా దగ్గర వ్యాక్సిన్ డబ్బా ఉంది. లోపల ఐస్ కరిగితే నువ్వు పూచీనా?"

ఉషారాణి నాతో మాట్లాడిన మొదటి మాట ఇది. మాట అనడం నా మర్యాద. నిజానికి అది అరుపు.

మా బొగ్గు గని పక్క నుంచి వాళ్ల తండాకు ఒక మట్టిరోడ్డు పోతుంది. గనిలో బ్లాస్టింగ్ ఉన్నప్పుడు ఆ రోడ్డు మూసేస్తాం. ఆ మధ్యాహ్నం ఎర్రజెండా పట్టుకుని నిలబడే డ్యూటీ నాది. స్కూటీ వెనక నీలం డబ్బా కట్టుకుని, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ వచ్చింది తను.

"మేడం, బ్లాస్టింగ్ అయింది గని ఒక షాట్‌ల మందు పేలలే. మిస్‌ఫైర్. అరగంట దాక ఎవ్వరిని పోనియ్యం."

"పేలినదానికి భయపడాలె. పేలనిదానికి భయమేంది?"

"పేలినదాని పంచాయితీ అయిపోయింది మేడం. పేలని మందుతోనే అసలు కథ. లోపల ఏం జరుగుతున్నదో ఎవరికి తెల్వదు. జల్దీ చేసి దగ్గరికి పోతే అప్పుడు పేలుతది. మా నాయిన రెండు వేళ్లు గట్లనే పోయినయ్."

తను బండి స్టాండ్ వేసి, ఎండకని నేను పట్టుకున్న గొడుగు లాక్కుని డబ్బా మీద పట్టింది. కాసేపటికి ఎండ పోయి వాన అందుకుంది. అయినా గొడుగు డబ్బా మీద నుంచి కదల్లేదు. చిన్నపిల్లలకు వేసే టీకాలు పొడిగా ఉన్నాయి. మేమిద్దరం ముద్దగా తడిశాం.

ఆ అరగంటలో చాలా తెలిసింది. ఖమ్మంలో కోర్సు చేసిందట. తండా సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎం. తండ్రి చందూలాల్ మిర్చి తోట వేస్తాడు. జెండా దించగానే స్కూటీ స్టార్ట్ చేసి, "పేరేంది నీది?" అంది.

"భాను."

"మస్తు ఓపిక నీకు భానూ" అని నవ్వి వెళ్లిపోయింది.

నిజం అప్పుడే చెప్పాల్సింది. నా ఓపిక హెల్మెట్ లాంటిది, గనిలోనే విడిచి వస్తానని. కానీ అంత అందమైన అమ్మాయి మెచ్చుకుంటుంటే కాదనే మగాడు ఉంటాడా?

ప్రేమలో పడ్డాం. ఆరు నెలలు బాగానే గడిచాయి. తరువాత ఇద్దరం ఒక రోజు పర్ణశాల పోదామనుకున్నాం. బస్టాండులో నన్ను ముప్పావు గంట నిలబెట్టింది. ఎందుకో అడగలేదు. ఘాటుగా ఒక మెసేజ్ కొట్టి ఇంటికి వచ్చేశాను. తను ఎక్కిన బస్సు టైరు పంక్చరైందని సాయంత్రం తెలిసింది. ఇంకోసారి రోజంతా ఫోన్ ఎత్తలేదు. "నేనంటే లెక్క లేదు నీకు" అని రాశాను. ఆ రోజంతా తను అడవి లోపలి గూడెంలో ఒక తల్లి కాన్పు దగ్గర ఉంది. బిడ్డకు స్నానం చేయించి, చేతులు తుడుచుకుని ఫోన్ తీసి చూసుకుంటే నా మెసేజ్.

మర్నాడు టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి అడిగింది.

"పేలని మందు ముందర అరగంట నిలబడతవ్. నా ముందర అర నిమిషం నిలబడవ్. ఆ మందుకున్న విలువ నాకు లేదా?"

నేను టీ గ్లాసును బల్ల మీద అటూ ఇటూ జరిపాను.

"ఇంకోసారి గిట్లాంటి మెసేజ్ వస్తే నేను మాట్లాడ. కోపానికి కాదు భానూ. భయానికి. నీ ఫోన్ మోగితే నాకు సంతోషం కావాలె గని, గుండె దడ కాదు."

టీ చల్లారిపోయింది. ఇద్దరం తాగలేదు. ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది.

మొన్నటి ఆదివారం మా అమ్మానాన్నలు వాళ్లింటికి వెళ్లి పిల్లనడగాలని అనుకున్నాం. మా అమ్మ సోమమ్మ అయితే వారం ముందే చీర తీసి పెట్టుకుంది. శుక్రవారం మొదటి షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి చందూలాల్ ఫోన్.

"బిడ్డా, ఆదివారం మీవోళ్లను తోలుకరాకు. వద్దు..."

ఫోన్ కట్. తిరిగి చేస్తే స్విచాఫ్. ఉషకు చేస్తే అదీ స్విచాఫ్.

ఇంకేముంది, నాకు నషాళానికి అంటింది. అరుగు మీద కూర్చుని టైప్ చేశాను. "గని పనోళ్లు మీ నాయిన కంటికి ఆనకపోతే ముందే చెప్పాల్సింది. నువ్వు ఫోన్ బంద్ పెట్టుకున్నవంటే నీకు గూడ ఇష్టం లేదన్నట్టే. ఇయ్యాల్టి నుంచి నువ్వెవరో నేనెవరో."

పంపే బాణం గుర్తు మీదికి వేలు పోయింది.

"ఏందిరా, ముఖం గట్ల చేసినవ్?" మా నాన్న సమ్మయ్య గడపలో నిలబడి ఉన్నాడు. చెప్పాను. మూడు వేళ్ల చేత్తో గడ్డం గోక్కున్నాడు.

"ఆయన ఎందుకు వద్దన్నడో చెప్పిండా?"

"లే. కట్ చేసిండు."

"కట్ చేసిండా, కట్ అయిందా?"

"ఏమో."

"తెల్వదు గద. అయితే టైం చూసుకో" అని లోపలికి వెళ్లిపోయాడు.

రెండూ ఇరవై. మొదటి పది నిమిషాలు మెసేజ్‌లో ఇంకా ఏమేం కలపాలా అని ఆలోచించాను, నిజం దాచడమెందుకు. అమ్మ టీ తెచ్చి పెట్టి, ఆదివారం వేసుకునే గాజులు సరిపోతాయో లేదో చూసుకుంటూ పోయింది. ఆ తరువాత చందూలాల్ గొంతు మళ్లీ చెవిలో వినపడింది. అందులో కోపం లేదు. ఆయాసం ఉంది. వెనక ఏదో పెద్ద హోరు. పైగా నన్ను "బిడ్డా" అన్నాడు. పిల్లనియ్యను అనేవాడు బిడ్డా అంటాడా?

రెండూ యాభై అయింది. అరగంట అయిపోయాక కూడా గనిలో ఎవరూ పరుగెత్తరు. మెల్లగా పోయి చూస్తారు. బండి తీశాను.

మా వైపు చినుకు లేదు. అడవి వైపు మాత్రం ఆకాశం నల్లగా ఉంది. తండా ముందరి వాగు దగ్గరికి వెళ్లేసరికి చప్టా కనిపించలేదు. దాని మీద నుంచి ఎర్రటి నీళ్లు హోరుమని పోతున్నాయి. అవతలి ఒడ్డున కట్టెకు ఎర్ర తువ్వాల కట్టి పట్టుకుని నిలబడింది ఉషారాణి.

"ఆగు! ముందుకు రాకు!"

"ఫోన్ ఏమైంది?" అరిచాను.

"టవర్‌కు కరెంట్ లేదు! తండల ఎవరి ఫోన్ పని చేస్తలేదు! నువ్వు ఆడనే ఉండు!"

బండి ఆపి రాయి మీద కూర్చున్నాను. చచ్చేంత సిగ్గేసింది, ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ మెసేజ్ వెళ్లి ఉంటే, కరెంటు రాగానే తను చూసే మొదటి అక్షరాలు అవే.

రెండున్నర గంటలకు వాగు దిగింది. ముందు చందూలాల్ కట్టెతో లోతు చూసుకుంటూ ఇవతలికి వచ్చాడు.

"ఇంకా మూడు దినాలు వానలున్నయంట, మీ అమ్మానాయిన వాగు నడుమల చిక్కుపడతరని ఫోన్ చేసిన బిడ్డా. సగంల కట్ అయింది." నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు కనపడంగనే నా పానం జల్లుమన్నది. నీకు కోపం ఎక్కువని ఉష చెప్పింది. బండి నీళ్లల్లకు దింపుతవనుకున్న. నాకు గదొక్కటే అడ్డముండె. కోపిష్టోనికి పిల్లనెట్ల ఇయ్యాలె అని." భుజం తట్టాడు. "ఈ వానలు పోనీ, పై ఆదివారం తోలుకరా మీవోళ్లను."

తల ఊపాను.

ఈలోపు ఉష వచ్చింది. మోకాళ్ల దాకా బురద. నన్ను పక్కకు పిలిచింది.

"నిజం చెప్పు. మెసేజ్ రాసినవా?"

"రాసిన. పంపలే."

"ఇంకా ఫోన్ల ఉన్నదా?"

లేదని అనొచ్చు. ఫోన్ తీసి చేతికిచ్చాను. చదివింది. మళ్లీ చదివింది. ముఖంలో రంగు మారింది. ఫోన్ నా జేబులో పెట్టేసింది.

"ఏమైందే?" అన్నాడు చందూలాల్.

"ఏం లే బాపూ. అరగంట ఆగి చెప్త."

ఎర్ర తువ్వాల కట్టెను నా ముందు ఇసుకలో గుచ్చి, వెళ్లి రాయి మీద కూర్చుంది. నేను పది అడుగుల దూరంలో బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాను. జీవితంలో ఏ మిస్‌ఫైర్ దగ్గరా నాకు అంత భయం వేయలేదు.

"ఎంతసేపైంది?" అంది, నా వైపు చూడకుండానే.

"రెండు నిమిషాలు."

"ఇంకా ఇరవై ఎనిమిది నిమిషాలు గట్లనే నిలబడతవా?"

"నిలబడత."

అప్పుడు చూసింది. కళ్లలో నీళ్లున్నాయి, పెదవి చివర నవ్వు దాగడం లేదు. కొంచెం పక్కకు జరిగి, రాయి మీద నాకు చోటిచ్చింది.