ఎర్ర దారం పొట్లం

"థూ అని ఉమ్మిండు! బజ్జీ కొరకంగనే పెండ్లిపిలగాడు థూ అని ఉమ్మిండు!"

మట్టెవాడలో వాన పడుతున్నా కొమురెల్లికి గొడుగు గుర్తు రాలేదు. రాయమల్లు కిరాణా దుకాణం ముందు నిలబడి అరుస్తున్నాడు. అతనికి కోపం వస్తే ఆలోచన రాదు. కోపం లేనప్పుడూ పెద్దగా రాదు. పక్క హోటల్లో రేడియో ఆపి అందరూ బయటికొచ్చారు.

"తినే సోడా అడిగితె బట్టల సోడా కడ్తవా? తొర్రూరు సంబంధం చేతికొచ్చి పోయింది. గల్లీల ఒక్కరు గూడ నీ దుకానం ఎక్కరు, చూస్కో!"

"మామా, జర లోపలికి రాండ్రి. తడుస్తాండ్రు" అన్నాడు రాయమల్లు.

రెండూ తెల్లటి పొడులే. అందుకే ఆ దుకాణంలో తినే సోడా పొట్లానికి తెల్ల దారం, బట్టల సోడా పొట్లానికి ఎర్ర దారం. నిన్న కొమురెల్లి కూతురు శకుంతల రెండూ కొన్నది. రెండూ రాయమల్లే కట్టాడు. తప్పు కట్టలేదు.

తండ్రి వెనక శకుంతల తడిసి నిలబడింది. జడ చివర రిబ్బను లేదు. ఎర్ర దారం ఉంది.

"తెల్ల దారం పొట్లమే ఇప్పిన నాయినా" అంది. కళ్ళు మాత్రం రాయమల్లును బతిమాలుతున్నాయి.

ఆ జడ చూపిస్తే దుకాణం పరువు నిలుస్తుంది. ఆ పిల్ల పరువు పోతుంది.

"తప్పు నాదే మామా. దారం మార్చి కట్టిన."

మధ్యాహ్నం దాకా దుకాణానికి ఈగలే వచ్చాయి. వాన వెలిశాక శకుంతల వచ్చింది, చేతిలో టిఫిన్ డబ్బాతో.

"నీ మీదెందుకు ఏసుకున్నవ్? పెద్ద హీరోవా?"

"నువ్వెందుకు బజ్జీలల్ల బట్టల సోడా కలిపినవ్? పెండ్లిపిలగాని కడుపు ఉతుకుదామనా?"

ఆమె నవ్వు ఆపుకోబోయి ఓడిపోయింది.

"నాకు తొర్రూరు పోవుడు ఇష్టం లేదు."

"ఏం, ఆడ సోడా దొరకదా?"

"దొరుకుతది. కట్టేటోడు దొరకడు."

రాయమల్లు చేతిలో తక్కెడ ఊగింది.

"నాయినకు అంత చెప్పిన. నీ దుకానం బందైతె నాకు నిద్ర పడ్తదా?" అని వెనక్కి తిరిగింది. "రా నాయినా!"

హోటల్ మూల నుంచి కొమురెల్లి వచ్చాడు. తప్పయిందని చెప్పే మనిషి కాదు. డబ్బా తెరిచి బజ్జీ తీశాడు. అనుమానంగా కొరికాడు. కరకరలాడింది.

"గల్లీల అందరు నన్ను కాకా అంటరు. నువ్వొక్కనివే మామా అంటవ్. ఎప్పటిసంది?"

రాయమల్లు తల వంచుకున్నాడు. "మీ బిడ్డ సోడాకు వచ్చుడు మొదలైనప్పటిసంది, మామా."

"మల్ల మామా అంటాండు!"

కొమురెల్లి ఇంకో బజ్జీ తీసుకున్నాడు. హోటల్లో రేడియో మళ్ళీ మోగింది.

"రేపు మీ అవ్వను మా ఇంటికి పంపు. ఈసారి బజ్జీ ముందుగాల నేను కొరికి చూస్త."